రత్తమ్మ ఆదాయం పద్నాలుగు

గువ్వలపేట సర్కిల్ ఇన్‌కంటాక్స్ ఆఫీసరుగా ఛార్జి తీసుకున్న రోజున విశ్వపతిగారు స్టాఫందర్నీ వరసగా నిలబెట్టి, "నా కళ్లలోకి చూస్తూ ఆదాయం దాచగలిగిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు" అన్నారు. అది పొద్దున పదిన్నరకి. పదకొండు కొట్టేసరికి పుట్టాడు.

పుట్టినవాడి పేరు కోటిలింగం. ఊళ్లో రెండు జిన్నింగు మిల్లులు, ఒక సినిమా హాలు, ఎన్నో తనకే గుర్తులేనన్ని పొగాకు గోడౌన్లు ఉన్న మనిషి. ఆఫీసుకి మాత్రం మాసిన పంచెతో, మోచేతుల దగ్గర చిరిగిన చొక్కాతో వచ్చాడు. అవి ఇన్‌కంటాక్సు కోసమని బీరువాలో పెట్టి తాళం వేసుకున్న బట్టలు. విశ్వపతిగారి కళ్లలోకి రెప్ప వెయ్యకుండా చూస్తూ పత్తి ధర పడిపోయిన వైనం, గోడౌన్లో ఎలుకలు పొగాకు నమిలిన వైనం, సినిమా హాలుకి జనం గోడ దూకి వస్తున్న వైనం చెప్పుకొచ్చాడు. విశ్వపతిగారు కళ్లు తుడుచుకుని, ఆదాయం నిల్ అని రాసి, జేబులోంచి పది రూపాయల నోటు తీసి, "దారిలో ఏదన్నా తినండి" అని ఆయన చేతిలో పెట్టారు. కోటిలింగం ఆ నోటు కళ్లకద్దుకుని, బయట నీడన ఆపిన కారెక్కి వెళ్లిపోయాడు.

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసిన టెంపరరీ గుమాస్తా పానకాలు రికార్డు రూములోకి పరిగెత్తి, తలుపేసుకుని, ఫైళ్ల మీద పడి నవ్వాడు. నవ్వాపుకోలేకపోవడం వాడికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ జబ్బుతోనే ఇదివరకు రెండు ఉద్యోగాలు పోయాయి. ఇదన్నా పర్మనెంటైతే బస్టాండు వెనక పుల్లట్లు పోసి వాణ్ణి సాకిన తల్లి రత్తమ్మ చేత పొయ్యి మాన్పిద్దామని వాడి కోరిక.

అప్పటి ఇన్‌కంటాక్స్ సంగతి ఇప్పటివాళ్లకి చెబితే గంజాయి తాగి చెబుతున్నామనుకుంటారు. పై మెట్టు మీదున్నవాడు ఒక రూపాయి సంపాదిస్తే అందులో తొంభై ఏడు పైసలు, ఆపైన ఇంకాస్త సర్కారుది. మిగిలిన రెండు పైసల చిల్లర వాడిది. అందుకని ఆ మెట్టు మీద ఎవడూ నిలబడేవాడు కాదు. మెట్టెక్కినవాళ్లందరూ కింద కూచుని, "మేమెక్కడండీ, ఇక్కడే పుట్టాం, ఇక్కడే ఉన్నాం" అనేవాళ్లు. కంపెనీలు రాజకీయ పార్టీలకి చందాలివ్వకూడదని ఇంకో చట్టం వచ్చింది. అందుకని చందాలు ఇవ్వడం ఎవరూ మానలేదు గానీ, చెక్కుల్లో రావలసినవి గోనెసంచుల్లో రావడం మొదలెట్టాయి. పన్ను కట్టని డబ్బుతో ఎన్నికలు గెలిచినవాళ్లు వెళ్లి, పన్ను ఇంకో పైస పెంచి, పేదల పక్షాన నిలబడ్డామని ఊరేగేవాళ్లు.

మార్చి నెల ముంచుకొచ్చేసరికి గువ్వలపేట సర్కిల్లో వసూలైన పన్ను ఆఫీసులో ఫ్యాన్లు తిరగడానికి కూడా చాల్లేదు. టార్గెట్ అందకపోతే విశ్వపతిగారిని ఎక్కడో కొండల్లోకి బదిలీ చేస్తారని పుకారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ పానకాలుకి పైవారికి లేఖ చెప్పి రాయించారు.

"ప్రజల వాస్తవ ఆదాయమును తెలిసికొనుటకు ఎట్టి విశ్వసనీయ ప్రచురిత ఆధారమును లేకపోవుటచే... రాశావా?"

"రాశానండీ."

"ఇక నీ ఇష్టం. ఏదో ఒకటి రాసి ముగించు. సంతకం పెడతా."

ఇన్‌కంటాక్స్ ఆఫీసరు నోట ఎన్నడూ రాకూడని మాట అది. పానకాలు చేతిలో పెన్ను నిలవలేదు. చివర ఇలా చేర్చాడు: "అయితే, ఆంధ్రదేశమందు ప్రతి వ్యక్తి యొక్క ఆదాయ వ్యయములు సంవత్సరము ప్రారంభమగుటకు ముందే పుస్తకరూపమున అచ్చగుచున్నవి. ఉగాది నాడు వాటిని బహిరంగముగా చదివి వినిపించెదరు. ఇంతవరకు ఒక్కరును అభ్యంతరము తెలిపియుండలేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పంచాంగంలో పన్నెండు రాశులకీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని ఏటా వేస్తారు గదా! విశ్వపతిగారు చదవకుండా సంతకం పెట్టారు. రత్తమ్మ పోసిన అట్లు తింటూ పానకాలు ఆ రాత్రి మళ్లీ ఓసారి నవ్వుకుని, ఆ సంగతి మర్చిపోయాడు.

ఢిల్లీ మర్చిపోలేదు.

దేశమంతా కమిటీలు వేసి, దాడులు చేసి, పరుపులు చింపి చూసినా తెలియని ఆదాయాన్ని తెలుగువాళ్లు ముందుగానే అచ్చువేసి, పదిమందిలో చదివించుకుని, పైగా పచ్చడి తింటున్నారని తెలిసి పన్నుల బోర్డు నివ్వెరపోయింది. నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. విశ్వపతిగారు కళ్లజోడు సర్దుకుని స్టాఫుకి చదివి వినిపించారు.

"ఇందుమూలముగా గువ్వలపేట సర్కిల్ నందు ప్రయోగాత్మకముగా పంచాంగమునే ఆదాయ ప్రకటనగా పరిగణించవలెను. పంచాంగమందు అంకెలకు ప్రమాణము పేర్కొనబడలేదు గనుక అందలి సమస్త అంకెలును లక్షలలో ఉన్నట్లు భావింపవలెను. జన్మనక్షత్రము తెలియని వారికి నామాక్షరమును బట్టి రాశి నిర్ణయింపబడును." చదివి, ఆయన గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "ఇంత గొప్ప ఆలోచన నాకు వచ్చినట్టు నాకే తెలీదయ్యా!"

పానకాలుకి నవ్వు, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే మూడో ఉద్యోగం కూడా ఊడుతుంది. రెండ్రోజుల్లో ఎవరో ఒక బుద్ధిమంతుడు దీన్ని ఆపకపోతాడా అని నోరు మూసుకున్నాడు. ఆ బుద్ధిమంతుడి కోసం దేశంలో ఎవరికి వాళ్లు అలాగే ఎదురుచూస్తూ నోరు మూసుకుని ఉన్నారని వాడికి తెలీదు.

పంచాంగం అచ్చుకి పోకముందే ఒక ప్రతి పట్టుకురమ్మని విశ్వపతిగారు పానకాలుని సిద్ధాంతి సోమనాథంగారింటికి పంపారు. అప్పటికే అరుగు మీద ఎమ్మెల్యే గరుడాచలంగారు కూచుని ఉన్నారు.

"చూడండి సిద్ధాంతిగారూ, నాకు ఆదాయం రెండుకి మించకూడదు. రాజపూజ్యం మాత్రం ఏడు పడాలి. ఈసారి టికెట్లు రాజపూజ్యాన్ని బట్టే ఇస్తారంట."

"గ్రహాలండీ అవి. మీరు విప్ జారీ చేస్తే వినేవి కాదు."

"అన్నిట్లో ఒక్కటైనా పార్టీ మారేది ఉండదా?"

"రాహువూ కేతువూ ఎప్పుడూ వెనక్కే నడుస్తుంటారు. వాళ్లు మాత్రం ఇప్పటికే మీ పార్టీలాగే ఉన్నారు."

గరుడాచలంగారు దాన్ని పొగడ్తగా తీసుకుని, తృప్తిగా కండువా దులుపుకున్నారు.

ఉగాది నాడు మార్కెట్ యార్డులో షామియానా వేశారు. ఎప్పుడూ పదిమంది ముసలివాళ్లు కునికే పంచాంగ శ్రవణానికి ఆరోజు పక్క ఊళ్లనుంచి కూడా లారీలెక్కి జనం వచ్చారు. వేదిక పక్కన బల్ల వేసుకుని ఇన్‌కంటాక్స్ వాళ్లు కూచున్నారు. సిద్ధాంతిగారు గొంతు సవరించుకున్నారు.

"మేషరాశి. ఆదాయం రెండు. వ్యయం పద్నాలుగు."

ఈలలు, చప్పట్లు! ఒకాయన పక్కవాణ్ణి కావిలించుకుని, "సర్వనాశనం బావా, సర్వనాశనం! ఏడుకొండలవాడు చల్లగా చూశాడు!" అని గంతులేశాడు.

"తులారాశి. ఆదాయం పద్నాలుగు. వ్యయం రెండు."

ఒక్కసారిగా ఆడవాళ్లు గొల్లుమన్నారు. తులారాశి పెద్దమనిషి ఒకాయన కళ్లు తిరిగి పడిపోతే సోడా కొట్టి లేపారు. లేచినవాడు, "నాకెవరూ లేరా! ఒక్క పైసా అప్పైనా లేకుండా చచ్చిపోతానా!" అని మళ్లీ పడిపోయాడు.

ఆ సాయంత్రానికే గువ్వలపేటలో జన్మనక్షత్రం తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. జాతకాలన్నీ ఏకకాలంలో చెదలు తిన్నాయి. ఇక మిగిలింది పేరు. చూ, చే, చో, లా, లీ, లూ, లే, లో... ఈ అక్షరాలతో మొదలయ్యే పేరైతే మేషరాశి, నష్టాల రాశి. ఊరు ఊరంతా పేరు మార్పిడి అర్జీలు పట్టుకుని ఆఫీసు ముందు బారులు తీరింది.

కోటిలింగం లోటులింగం అయ్యాడు. మిల్లు బోర్డు మీద కొత్త పేరు పెద్ద అక్షరాలతో రాయించి, దానికి రంగు లైట్లు కూడా పెట్టించాడు. ఎమ్మెల్యే గరుడాచలంగారు చూడాచలంగారయ్యారు. 'వి'తో మొదలయ్యే పేరు వృషభరాశిది, దానికీ తులారాశి అంకెలే పడటంతో విశ్వపతిగారు తలుపేసుకుని, తన అర్జీ తనకే పెట్టుకుని, తనే పరిశీలించి, ఒక చిన్న అభ్యంతరం చెప్పి, దానికి తనే సమాధానం ఇచ్చుకుని, లోకపతిగా మారారు. పానకాలు చేత కూడా లోకాలు అని రాయించారు గానీ, అలా పిలిస్తే వాడు పలకడం మానేశాడు. బళ్లో పంతులుగారు "లక్ష్మీ" అని పిలిస్తే క్లాసంతా లేచి "ప్రజెంట్ సార్" అనేది. పోస్ట్‌మాన్ ఉత్తరాలన్నీ బస్టాండులో కుప్పపోసి, "ఎవరిది వాళ్లు దస్తూరీ చూసి ఏరుకోండి" అని ఇంటికి పోయి పడుకున్నాడు.

పేరు మార్చుకోనిది ఒక్క రత్తమ్మే. పేరులో 'ర' ఉంది గనక తులారాశి.

"లక్ష్మమ్మ అని పెట్టుకోవే అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎందుకురా?"

"ఊరికే. ఊళ్లో అందరూ మార్చుకుంటన్నారు."

"ఊళ్లో అందరికీ మతి పోయింది. నా బిందెల మీద, గిన్నెల మీద, ఆ అట్లపెనం కాడ మీద గూడా రత్తమ్మ అని కొట్టించుకున్నా. అక్షరానికింత ఇచ్చి కొట్టించా. ఇప్పుడు అవన్నీ చెరిపి లక్ష్మమ్మ అని ఎవడు కొడతాడు, నీ ఆఫీసరా?"

"గిన్నెల సంగతి తరవాత చూద్దాం."

"గిన్నెల మీద ఒక పేరు, మనిషికొక పేరు ఉంటే దొంగసొత్తంటారు. ఫో!"

పేర్లు మార్చుకోడానికిచ్చిన గడువు దాటింది. పై నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చి, పేర్లు ఎక్కడివక్కడ ఖాయం చేసేసింది. సర్కిల్ మొత్తం లెక్క తీస్తే ఒక్కడికీ ఆదాయం లేదు. అందరూ నష్టాల్లో ఉన్నారు. బస్టాండు వెనక పుల్లట్లు పోసే రత్తమ్మ మాత్రం ఖర్చులు పోను పన్నెండు లక్షల ఆదాయంతో గువ్వలపేట ఏకైక శ్రీమంతురాలిగా తేలింది. పన్ను పదకొండు లక్షల పైచిలుకు.

లోకపతిగారి ఆనందానికి అంతు లేదు. "ఇంతకాలం వెయ్యిమంది వెంట పడ్డామయ్యా! ఒక్కరి దగ్గర వసూలు చేస్తే టార్గెట్ పూర్తి. పరిపాలనా సౌలభ్యం అంటే ఇదీ!"

"ఆమె అట్లు అమ్ముకునే మనిషండీ," అన్నాడు పానకాలు.

"అదే గదా వాళ్ల ఎత్తు! నా కళ్లకి తెలీదనుకున్నావా?"

నోటీసు వెళ్లకముందే వార్త వెళ్లింది. మర్నాడు పొద్దున్నే అట్లబండి ముందు లోటులింగం కారు ఆగింది. ఈసారీ మాసిన పంచే.

"అక్కా, నా పరిస్థితి నీకు తెలిసిందే. పేరులోనే లోటు పెట్టుకున్నా. ఒక యాభై వేలు సర్దితే..."

"అట్టు కావాలా, యాభై వేలు కావాలా? అట్టైతే కూచో. యాభై వేలైతే ఆ పక్క నిలబడు, పొగ తగులుద్ది."

ఆయన వెళ్లగానే ఎమ్మెల్యే చూడాచలంగారు పూలదండతో వచ్చారు. రాజపూజ్యం తులారాశికి ఏడు పడింది గనక వచ్చే ఎన్నికల్లో పార్టీ టికెట్ ఆమెకే ఇస్తారని పై నుంచి కబురొచ్చిందంట. "నియోజకవర్గం మొత్తంలో ఆదాయం ఉన్నదీ, గౌరవం ఉన్నదీ తమరొక్కరేనమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుని, పార్టీకి గోనెసంచితో ఏమన్నా ఇస్తుందేమోనని అటూ ఇటూ చూశారు. పొయ్యి పక్కన ఒక గోనెసంచి ఉంది. అందులో బొగ్గులున్నాయి. అయినా వదల్లేదు, బొగ్గుల కింద ఏముందో అని చెయ్యి పెట్టి చూసి, చేతులు నల్లగా చేసుకుని వెళ్లారు.

రత్తమ్మకి ఇదంతా ఎగతాళిలాగా ఉంది. జప్తు నోటీసు చేతికొచ్చినప్పుడు మాత్రం ఎగతాళి పోయింది. పెనం, రుబ్బురోలు, పొత్రం, గిన్నెలు, బండి... అన్నిటి పేర్లూ వరసగా వేశారు.

"ఒరే, నువ్వు ఆ ఆఫీసులోనే గదరా ఉంది? ఈ పాపపు ఆలోచన ఎవడిదిరా?"

"ఢిల్లీవాళ్లదంటమ్మా."

"వాడి తల్లి వాణ్ణెట్టా కన్నదో!"

పానకాలుకి ఆ రాత్రి అట్టు దిగలేదు.

జప్తు రోజున ఊరంతా బస్టాండు వెనకే ఉంది. టముకు కొట్టించారు. ఒకే ఒక్క మనిషి దగ్గర సర్కిల్ టార్గెట్ మొత్తం వసూలు చేసే ఘట్టాన్ని కళ్లారా చూడ్డానికి ఢిల్లీ బోర్డు నుంచి మిశ్రాగారనే పెద్దాఫీసరు వచ్చారు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. హిందీ తప్ప మాట్లాడటం లేదు. ఆఫీసు మొత్తానికి హిందీ పరీక్ష పాసైనవాడు పానకాలొక్కడే గనక మధ్యలో వాణ్ణి నిలబెట్టారు.

మిశ్రాగారు పెనం వైపు చూపించి, మర్యాదగా ఏదో అడిగారు.

"అమ్మా, ఆదాయం ఎక్కడ దాచావని అడుగుతున్నారు," అన్నాడు పానకాలు.

"ఇదుగో, ఈ పిండిలో కలిపి రుబ్బా. తాగమను."

"నిజాయితీగా వ్యాపారం చేసుకుంటున్నానని మనవి చేస్తోందండీ," అన్నాడు పానకాలు హిందీలో.

మిశ్రాగారు తలూపారు. లోకపతిగారు సైగ చెయ్యగానే ఇద్దరు ప్యూన్లు రుబ్బురోలు మీద చేతులు వేశారు. రత్తమ్మ అట్లకాడ పుచ్చుకుని లేచింది.

"దాని మీద చెయ్యేస్తే చెయ్యిరగ్గొడతా! మీ ఢిల్లీ గిల్లీ నాకు తెలీదు. నా రోలు నాకు తిండి పెట్టింది, నా బిడ్డకి చదువు పెట్టింది. మీరేం పెట్టారు? రండి, ఎవడొస్తాడో!"

మిశ్రాగారు పానకాలు వైపు తిరిగారు. జనమంతా వాడి నోటి వైపే చూస్తున్నారు. పానకాలు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, హిందీలో గడగడా అందుకున్నాడు.

"అయ్యా, పన్ను కట్టడానికి తనకేమీ అభ్యంతరం లేదంటోంది. కాకపోతే సర్క్యులర్ ప్రకారం పంచాంగంలోని సమస్త అంకెలూ లక్షల్లోనే లెక్క. అదే పంచాంగంలో తనకి రాజపూజ్యం ఏడు. అంటే ప్రభుత్వం వారు తనకి ఏడు లక్షల సన్మానాలు చెయ్యాలి. సన్మానానికి ఒక శాలువా, ఒక దండ, ఒక మంత్రిగారు. అవి పూర్తయిన మర్నాడే పన్ను కడతానంటోంది. అవమానం కూడా లక్ష ఉందనీ, అది ఇవాళ మీరు మొదలెట్టారు గనక దానికి రసీదు ఇప్పించమనీ కోరుతోందండీ."

హిందీ ఒక్క ముక్కా రాని జనం చప్పట్లు కొట్టారు. మిశ్రాగారు నవ్వలేదు. నెమ్మదిగా బండి పక్కనున్న బల్ల మీద కూచుని, చక్కటి తెలుగులో, "అమ్మా, ఒక అట్టు పొయ్యండి, కారప్పొడి ఎక్కువెయ్యండి" అన్నారు. తరవాత పానకాలు వైపు తిరిగారు. "ఆమె రాజపూజ్యం అనలేదయ్యా. చెయ్యిరగ్గొడతా అంది. కుర్రాఫీసరుగా ఉన్నప్పుడు మూడేళ్లు ఈ జిల్లాలోనే చేశాను. నా చెయ్యి విరగ్గొడతామన్నవాళ్లందరూ తెలుగులోనే అన్నారు."

పానకాలు జనంలోకి జారుకోబోతుంటే, మిశ్రాగారు బల్ల మీద తన పక్కన చోటు చూపించారు.

"శాలువాల సంగతి చూస్తుంటే ఆ ఉత్తరం చివర వాక్యాలు కూడా నీవేననిపిస్తోంది. బోర్డు మీటింగులో అది చదివినప్పుడు నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే. నా నవ్వుని మినిట్స్‌లో ఆమోదం అని రాసుకున్నారు."

"అయ్యా, అంతా వేళాకోళమని ముందే చెప్పొచ్చు గదండీ!"

"నువ్వు చెప్పావా?"

పానకాలు జేబులో పెన్ను వెతుక్కున్నాడు.

"వెర్రి పని అని చెబితే మావాళ్లు ఆపరు. ఖర్చెక్కువ అని చెబితే ఆ పూటే ఆపేస్తారు. ఏడు లక్షల శాలువాలు అన్నావే, ఆ ముక్క ఇప్పుడే రాసి ఇవ్వు. టెలిగ్రాం కొడతాను." రత్తమ్మ పోసిచ్చిన అట్టు చుట్టి నోట్లో పెట్టుకుంటూ మిశ్రాగారు లోకపతిగారిని చూశారు. "జప్తు వాయిదా. ఆ రోలు అక్కడ పెట్టించండి."

"చిత్తం. ఈ ఆలోచన నాకు రాత్రే వచ్చిందండీ," అన్నారు లోకపతిగారు.

ప్యూన్లు రోలు దించారు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. పానకాలు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని రాయబోతుంటే, నెత్తి మీద నీడ పడింది. అట్లకాడ చేత్తో పట్టుకుని రత్తమ్మ నిలబడి ఉంది.

"ఆ ఉత్తరం చివర వాక్యాలు నీవేనని ఆ పెద్దాయన అంటంటే విన్నా. ఏం వాక్యాల్రా?"

"ఏం లేదమ్మా, ఆఫీసు సంగతి."

"పానకాలూ."

వాడు మిశ్రాగారి వైపు చూశాడు. ఆయన చాలా శ్రద్ధగా అట్టు తింటున్నారు. లోకపతిగారి వైపు చూశాడు. ఆయన ఆకాశం వైపు చూస్తున్నారు. ఈసారి తర్జుమా చెయ్యడానికి ఇంకో భాష కూడా లేదు.

"ఢిల్లీవాళ్లది కాదమ్మా. నేనే రాశా. తమాషాకి."

రత్తమ్మ వాడి మొహం చూసింది. రోలు చూసింది. మళ్లీ వాడి మొహం చూసింది.

"నవ్వొచ్చిందా?"

"మొదట్లో వచ్చిందమ్మా," అని ఒప్పుకున్నాడు పానకాలు.